ఎనిమిదో గడిలో రెండక్షరాలు

పెనుకొండ,
12-6-94, ఆదివారం.

నీలావతత్తా,

"డిగ్రీ అయ్యి ఏడాదాయె, ఇంకా ఎన్నాళ్ళు కిటికీలో కూర్చుని పోయే బస్సులు చూస్తావు?" అని పోయిన ఉత్తరంలో అడిగావు కదా. ఇదిగో జవాబు. మొన్న శుక్రవారం నేను కోర్టులో పని చేశాను. నవ్వకు. కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు.

బుధవారం మీ ధర్మవరం స్టేషన్లో ఒక మనిషిని పట్టుకున్నారు. బెంగుళూరు పోయే రైలు దిగి సీసాలో నీళ్ళు పట్టుకుంటున్నాడట. టికెట్టు ఉంది. ఏ ఊరని అడిగితే చెప్పేది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు, కాగితాలు ఏవీ లేవు. అక్కడ చోటు లేదని మా సబ్‌జైలుకు తెచ్చారు. జడ్జిగారి ముందు నిలబెడితే ఆయన చెబుతూనే ఉన్నాడు, అందరూ వింటూనే ఉన్నారు, తెలిసినవాడు ఒక్కడూ లేడు. అప్పుడు మా నాయన, మీ అన్న సంగతి నీకు తెలియనిదా, కోర్టు గుమాస్తాగా ఇరవయ్యేళ్ళు తల వంచుకుని బతికినా బిడ్డ మాట వస్తే తల ఎత్తుతాడు, "సార్, మా అరుణకు ఉర్దూ, హిందీ, కన్నడం మూడూ వచ్చు" అన్నాడట. జవాను పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను తడి జుట్టుతోనే పోయాను.

హిందూపురంలో పెరిగినదాన్ని అత్తా. మా సందులో పాలామె కన్నడం, గాజులామె ఉర్దూ, తిట్లు మాత్రం తెలుగులో. భాష రాదని చెప్పే అలవాటు మా ఊళ్ళో లేదు. ఈయనది బంగ్లా అనుకుంటాను. సగం ఉర్దూ మాటలే. పానీ అన్నాడు, రేల్ అన్నాడు, దేశం అనడానికి ముల్క్ అన్నాడు, చిట్టగాంగ్ అన్నాడు. ఇంకేం కావాలి? పన్నెండు గడుల ఫారం ఇచ్చారు. పేరు అబ్దుల్ శుకూర్, దేశం బంగ్లాదేశ్, వచ్చింది కూలి పనికి, భార్య పేరు సాలేమా, పిల్లలు లేరు. ఒక్క గడీ ఖాళీ లేకుండా గంటలో టైపు కొట్టి కింద "దుబాసీ" అని సంతకం పెట్టాను. "ఒక్క కొట్టివేతా లేదే!" అన్నారు జడ్జిగారు. కోర్టులో దుబాసీ పని ఒకటి ఖాళీగా ఉందట. నాయన రెండు రోజులుగా ఊరికే మీసం దువ్వుకుంటున్నాడు.

ఆయన భార్య రైలు వెంట పరుగెత్తి పడి కాలు విరగ్గొట్టుకుందట. మీ ఆసుపత్రిలోనే ఉందంటున్నారు. నీ వార్డులోనా? ఎలా ఉందో రాయి.

నీ కోడలు, కోర్టు కుర్చీలో కూర్చున్న
అరుణ.


ధర్మవరం,
14-6-94.

అరుణమ్మే,

ఇది పోస్టులో వేయలేదు. మా పక్కింటి గంగాధర గార్డుగా పోయే ప్యాసింజరు మీ ఊళ్ళో ఆగుతుంది, ఆయన చేతికిచ్చి పంపుతాండా. జవాబు సాయంత్రం తిరుగు బండికి ఆయన చేతికే ఇయ్యి.

నీ కుర్చీ సంగతి చదివి సంతోషపడినా. వార్డులో అందరికీ చెప్పినా కూడా. ఆయమ్మ నా వార్డులోనే ఉండాది. కాలికి కట్టు పడింది, ఎముక సరిగ్గానే అతుక్కుంటాది. జ్వరం మాత్రం దిగలేదు. నేనూ దెబ్బకు వచ్చిన జ్వరమే అనుకున్నా. నిన్న పొద్దున రవిక మార్చబోతే అప్పుడు తెలిసింది. రొమ్ములు రాళ్ళ మాదిరి గట్టిపడి ఉండాయి. వేడి గుడ్డ కాపి, మెల్లగా పిండితే గిన్నెడు పాలు. సాయంత్రానికి జ్వరం సగం దిగింది. ఇరవై రెండేండ్లుగా ఇదే పని చేస్తాండా. అవి నెలల బిడ్డ రోజూ తాగుతాండే పాలు.

నీ ఫారంలో "పిల్లలు లేరు" అని ఉండాదంటివి. అది నువ్వు అడిగినావా? ఆయన లేరు అన్నాడా? సుత్తి లేకుండా సూటిగా రాయి.

నీ అత్త
నీలావతి.


పెనుకొండ,
14-6-94, సాయంత్రం.

శ్రీమతి నీలావతి గారికి,

అడిగాను. ఉర్దూలో, అందరికీ వినబడేటట్టు అడిగాను. ఆయన జవాబు చెప్పాడు, నేను రాశాను. అది ఇప్పుడు కోర్టు కాగితం.

బిడ్డ పుట్టి పోయి ఉండొచ్చు కదా. ఆ సంగతి కోర్టులో చెప్పుకోవడం ఇష్టం లేక ఉండొచ్చు. వార్డులో నీ పని నీది, ఫారంలో నా పని నాది. నేనెప్పుడైనా నీ ఇంజక్షను గురించి అడిగానా?

గంగాధరన్న తొందరపెడుతున్నాడు. ఉంటాను.

ఎం. అరుణ, బి.ఏ.


ధర్మవరం,
15-6-94.

బి.ఏ. అరుణమ్మగారికి అత్త అనబడే నర్సు రాసేది ఏమంటే,

పొద్దున ఒక తువ్వాలు మడిచి, బిడ్డ మాదిరి చేతుల్లో పెట్టుకుని జోకొడుతూ ఆయమ్మ మంచం ముందర నిలబడినా. వార్డులో అందరూ "ఏమక్కా, నీకు పిచ్చి పట్టిందా?" అని నవ్వినారు. ఆయమ్మ నవ్వలేదు. నా చేతుల్లోనుంచి ఆ తువ్వాలు గుంజుకుని రొమ్ముకు అదుముకుంది. తర్వాత కిటికీలోనుంచి స్టేషను దిక్కుకు చెయ్యి చాపింది. ఒకసారి కాదు. రైలు కూత వినబడినప్పుడల్లా మంచం మీద లేచి కూర్చుని అటే చూపిస్తాంది. చచ్చిపోయిన బిడ్డను ఎవరూ రైలు దిక్కుకు చూపించరు, అరుణా.

ఆయమ్మ భాష నాకు ఒక్క ముక్క రాదు. రాదని తెలుసు గనక కండ్లు పెట్టుకుని చూస్తాండా. నీకు సగం వచ్చు. ఆ సగం చూసుకుని నువ్వు మిగతాది అడగలేదేమోనని నా అనుమానం.

బిడ్డ ఆ రైల్లో పోయింది. ఈ పొద్దుకు వారం. పాలు ఎండిపోకుండా పూటపూటా పిండిస్తాండా. ఎన్నాళ్ళు నిలుస్తాయో నేను చెప్పలేను. నా మీద అలిగేది ఉంటే తర్వాత తీరుబాటుగా అలుగుదువులే. ముందు పోయి ఆయన్ను మళ్ళీ అడుగు.

నీలావతి.


పెనుకొండ,
17-6-94.

అత్తా,

ఈ ఉత్తరం తెచ్చిన పెద్దామె పేరు పాపమ్మ. ముందు ఆమెకు కాఫీ ఇచ్చి, తర్వాత చదువు.

నిజం రాస్తున్నాను. ఎనిమిదో గడి దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట అయ్యింది. పిల్లలున్నారా అని, "బచ్చే హైఁ?" అని అడిగాను. ఆయన చాలాసేపు చెప్పాడు. లేచి నిలబడి చెప్పాడు, చేతులతో చూపించాడు, ఏడ్చాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని జడ్జిగారితో అనాల్సింది. కానీ అందరూ నా నోటివైపే చూస్తున్నారు. నాయన గుమ్మం దగ్గర నిలబడి మురిసిపోతున్నాడు. ఆయన వెంట పిల్లలెవరూ లేరు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అంతసేపు చెప్పినదానికి నేను రెండక్షరాలు కొట్టాను. లేరు.

నీ ఉత్తరం వచ్చాక జైలుకు పోయాను. ఈసారి ఏమీ అడగలేదు, కూర్చుని విన్నాను. "ఆక్యాబ్" అనే మాట పదేపదే వచ్చింది. ఇంటికొచ్చి నా ఎనిమిదో తరగతి అట్లాసు తీశాను. ఆక్యాబ్ బంగ్లాదేశ్‌లో లేదు అత్తా. బర్మాలో ఉంది, సముద్రం ఒడ్డున. ఆ పేరు నేను ముందే విన్నాను. నాయనకు పెనుకొండ బదిలీ అయ్యాక డిగ్రీ మూడేళ్ళూ నేనున్న హిందూపురం హాస్టల్లో మాకు వండిపెట్టే పాపమ్మ నోట. పిల్లి పాలగిన్నెలో మూతి పెడితే ఏదో భాషలో తిట్టేది. బర్మానుంచి వచ్చిందని, పెద్దవాళ్ళు రంగూన్‌ను రంగం అంటారు కదా, మేం "రంగం పాపమ్మ" అని ఏడిపించేవాళ్ళం.

నిన్న తొలి బస్సుకే పోయాను. "రంగం పాపమ్మా!" అన్నాను వంటింటి గుమ్మంలో నిలబడి.

"రంగం కాదే, ఆక్యాబు. మూడేళ్ళు నా చేతి కూడు తిన్నావు, నా ఊరి పేరు నేర్చుకోలేదు" అంది. శ్రీకాకుళం నుంచి నాలుగేళ్ళ పిల్లగా తండ్రి వెంట ఓడెక్కిందట. బియ్యం మిల్లు పక్కన పెరిగింది, ఆసుపత్రిలో ఆయాగా చేసింది. అరవై నాలుగులో అక్కడి ప్రభుత్వం మనవాళ్ళను వెళ్ళగొడితే అందరితో పాటు కట్టుబట్టలతో తిరిగొచ్చింది.

"మీ వీధిలో ముస్లిములు మాట్లాడే భాష నీకు వచ్చా?" అని అడిగాను. ఆ ప్రశ్న నన్ను అడిగి ఉంటే వచ్చు అనేదాన్ని. పాపమ్మ చేతులు కడుక్కుని, పీట వేసుకుని, ఆలోచించింది. "వచ్చేది. ముప్పై ఏళ్ళయింది. ఎంత మిగిలిందో మనిషిని చూసి చెప్తాను" అంది.

జైల్లో ఆమె తొలిమాట పలకగానే ఆయన కటకటాలు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. తర్వాత పాపమ్మ పని చేసే తీరు చూడాలి. ఆయన ఒక ముక్క చెబుతాడు. తనకు అర్థమైనదాన్ని ఆమె ఆయన భాషలోనే ఆయనకు తిరిగి చెబుతుంది. ఆయన అవునంటేనే నాకు తెలుగులో చెబుతుంది. కాదంటే మళ్ళీ మొదటికి. తెలియని మాట వస్తే "ఇది నాకు తెలీదు, గీత పెట్టుకో" అంటుంది. నా నోటుబుక్కులో పదకొండు గీతలు ఉన్నాయి. ఇంత చాదస్తం ఎందుకన్నాను. "ఆసుపత్రిలో డాక్టరుకూ రోగికీ నడుమ నేనే నిలబడేదాన్ని. ఒకసారి తెలీని చోట నా మాట వేశాను. మందు మారిపోయింది. ఆ మనిషి బతికాడులే. అప్పటినుంచీ నా మాట వేయను" అంది. నా ఎనిమిదో గడి సంగతి ఆమెకు చెప్పనేలేదు, అయినా నా చెంప ఛెళ్ళుమంది.

వాళ్ళు రోహింగ్యాలట. ఆక్యాబ్‌కు ఉత్తరాన ఒక పల్లె. రెండేళ్ళ కింద సిపాయిలు తరిమితే నది దాటి బంగ్లాదేశ్‌లో గుడిసెల క్యాంపులో ఉన్నారు. మళ్ళీ వెనక్కి పంపుతారని భయపడి ఇటు వచ్చారు. చిట్టగాంగ్ దారిలో ఊరు మాత్రమే. బిడ్డ ఉంది. ఆడపిల్ల, మూడు నెలలు. ఆయన నీళ్ళకు దిగినప్పుడు తల్లి ఒళ్ళో ఉంది. తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. కనబడినవాళ్ళనందరినీ అదే అడుగుతున్నాడట. నన్నూ అడిగాడు, ఎనిమిదో గడి దగ్గర.

పాపమ్మను తల్లి దగ్గరికి తీసుకుపో. నాయనకు ఇంకా ఏమీ చెప్పలేదు.

అరుణ.


ధర్మవరం,
18-6-94.

అరుణమ్మే,

కాఫీ ఇచ్చినా. రెండు గ్లాసులు తాగి, "మీ ఊరి పాలు చిక్కన" అని మెచ్చుకుంది. తిరుగు బస్సుకు ఆమె చేతికే ఇది ఇస్తాండా.

సాలేమా ఈ పది రోజుల్లో మాట్లాడనిదంతా ఒక్క పూటలో మాట్లాడింది. పాపమ్మ ఆపి, తిరిగి చెప్పి, అవుననిపించుకుని, నాకు చెప్పింది. మొగుడు నీళ్ళకు దిగి రాకపోయేసరికి ఆయమ్మకు భయమైంది. ఎదురు బల్ల మీద కూర్చున్న ఆడమనిషి చేతికి బిడ్డనిచ్చి, చూసొస్తానని సైగ చేసి దిగింది. అంతలో రైలు కదిలింది. పరుగెత్తింది, పడింది. ఆ ఆడమనిషి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండాదంట. కాళ్ళకాడ నల్ల కంబళ్ళ మూట. కంబళ్ళ మూట అంటే గొర్రెలు మేపి కంబళ్ళు నేసే కురుబోళ్ళే, ఇంకెవరు. వాళ్ళు చానామంది హిందూపురంలో దిగుతారని గంగాధర అంటాడు.

బిడ్డ పేరు నూర్ కాయిదా. ఎడమ మడమ మీద మినపగింజంత నల్లమచ్చ ఉండాది. ఇదంతా ఆసుపత్రి కాగితం మీద తేదీ, టైము వేసి రాసి, డాక్టరుతో సంతకం పెట్టించినా. బిడ్డ దొరకకముందే రాసిన కాగితం ఉంటే రేపు ఎవరన్నా అడిగితే పనికొస్తాది.

పాలు గిన్నెడు కాస్తా ముప్పాతిక అయ్యింది. తొందరగా.

నీలావతి.


హిందూపురం స్టేషన్, ఒకటో ప్లాట్‌ఫారం,
20-6-94.

అత్తా,

దొరికింది! నీళ్ళ ట్యాంకు అరుగు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

ఆ రైలు వచ్చే వేళకు నిన్న నేను వచ్చి అందరి ముంజేతులూ చూస్తూ తిరిగాను. ఒకామె "ఏం పాపా, గాజులమ్ముతావా?" అని అడిగింది. ఎవరూ కనబడలేదు. ఈ రోజు మళ్ళీ వచ్చాను. వేపచెట్టు కింద ఒక కంబళి పరుచుకుని మొగుడూ పెళ్ళాం కూర్చుని ఉన్నారు. ఆమె ఒళ్ళో బిడ్డ. తేలు కనబడింది. నేను ఏమీ అడగలేదు, నేరుగా బిడ్డ ఎడమ కాలు పట్టుకుని మడమ చూశాను.

"యాల మే, బిడ్డ కాలు గుంజుతాండావు?" అని ఆమె కసిరింది. పేరు వెంకటక్క, ఆయన ఉలిగప్ప, లేపాక్షి దగ్గర పల్లె. ఆ బుధవారం గుంతకల్లులో కంబళ్ళు అమ్మి, మిగిలినవి మూటగట్టుకుని ఆ రైల్లో వస్తున్నారట. ఆ రోజునుంచీ ఆ రైలు వేళకు రోజూ ఇక్కడికొచ్చి కూర్చుంటున్నారు. నిన్న ఒక్కరోజే రాలేదు, బిడ్డకు దగ్గు అని.

"ధర్మవరం పోయి వెతకలేదా?" అని అడిగాను.

"మేం ఆడికి పోయినామనుకో, ఆయమ్మ ఈడికి వచ్చినాదనుకో, అప్పుడెట్ల?" అన్నాడు ఉలిగప్ప. "గొర్రె తప్పితే ఒగరు కదలకుండా నిలబడాల. హిందూపురంలో దిగుతామని మా ఆడది సైగ చేసి చెప్పినాది. బెంగుళూరు పోయే మనిషి ఈ దావనే గదా రావాల."

"పోలీసులకు ఇయ్యమన్నారు శానామంది" అంది వెంకటక్క. "అమ్మ చేతిలోనుంచి తీసుకున్న బిడ్డను ఇంగొకరి చేతికి యాల ఇస్తా? మా కోడలు చౌడక్క బాలింత. దాని బిడ్డకు ఒగ పక్క, ఈ రైలమ్మకు ఒగ పక్క." రైలమ్మ! పన్నెండు రోజులుగా దాని పేరు అదే.

ఇక్కడిదాకా బాగుంది. నేను సంతోషం పట్టలేక ప్లాట్‌ఫారం అంతా వినబడేటట్టు చెప్పాను. రైల్వే పోలీసాయన వచ్చాడు. మంచివాడే. అంతా విని ఫోన్లు చేసి వచ్చి, "అమ్మా, కోర్టు కాగితంలో వాళ్ళకు పిల్లలు లేరని ఉందట. కాగితం కాదన్న బిడ్డను నేను వాళ్ళకెలా ఇప్పించేది? అనంతపురం శిశువిహార్‌కు పంపాలి. ఆ కాగితం మీద సంతకం ఎవరో అరుణట" అన్నాడు. నేనే అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, శుక్రవారం వాయిదాలో కోర్టు చెప్పేదాకా బిడ్డను వెంకటక్క దగ్గరే ఉంచడానికి ఒప్పుకున్నాడు.

రెండక్షరాలు, అత్తా. బిడ్డ కళ్ళముందు ఉంది, నా రెండక్షరాలు దాన్ని లేదంటున్నాయి. శుక్రవారం నేను లేచి నిలబడాలి. నాయన కూడా ఆ గదిలోనే ఉంటాడు.

అరుణ.


ధర్మవరం,
22-6-94.

అరుణా,

నువ్వు సంగతంతా చెప్పినావంట, మీ నాయన నిన్న వచ్చినాడు. చెప్పులు కూడా విడవకుండా, "నీ కోడలికి ఏమి నూరిపోస్తాండావు? దొంగ సాక్ష్యం అని కేసు పెడితే? నేను ఆ కోర్టులో మళ్ళీ తల ఎత్తుకునేదెట్ల?" అని వార్డు గుమ్మంలోనే కేకలు. పేషెంట్లు లేచి కూర్చున్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని సాలేమా మంచం కాడికి తీసుకుపోయినా. అప్పుడే పాలు పిండిన గిన్నె ఉండాది, పారబోయాల్సింది. "పోయి బయట మొక్కకాడ పోసి రా అన్నా" అని ఆయన చేతిలో పెట్టినా. పోయినాడు. పోసినాడు. వచ్చి గిన్నె కడిగి బోర్లించినాడు. బస్సెక్కేటప్పుడు, "అది చిన్నప్పటినుంచీ రాదు అనదు. నేనే నేర్పలేదు" అన్నాడు.

నాకూ భయమే. కానీ నువ్వు లేచి నిలబడతావని నాకు తెలుసు. గిన్నె ఇప్పుడు సగమే వస్తాంది. ఆ సగం తలచుకో, గొంతు దానంతటదే వస్తాది.

నీలావతి.


పెనుకొండ,
24-6-94.

అత్తా,

ముందు ఫలితం. బిడ్డ రేపు పొద్దున ప్యాసింజరుకు నీ వార్డుకు వస్తోంది. ఇక తీరుబాటుగా చదువు.

కేసు పిలవగానే పాత ఫారం చదవమన్నారు. చదవాల్సింది నాయనే. ఆయన గొంతు నీకు తెలుసు, బజారుదాకా వినబడుతుంది. "ఎనిమిది. పిల్లలు: లేరు" అన్నాడో లేదో, వరండా కిటికీలోనుంచి వెంకటక్క, "ఇదేమబ్బా మళ్ళా! నా ఒళ్ళో ఉండేది ఏమి, గుమ్మడికాయా?" అంది. కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా పెన్ను నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగేలోపల నేను లేచాను. ఆగాక లేవాల్సి వస్తే లేచేదాన్ని కాదేమో.

"సార్, ఆ మాట ఆయన చెప్పలేదు. నేను రాశాను" అన్నాను.

"నీకు ఏయే భాషలు వచ్చు?"

"తెలుగు, కన్నడం, ఉర్దూ, హిందీ సార్. ఈయన భాష నాకు రాదు."

"మరి ఆ రోజు?"

"రాదని చెప్పడానికి నామోషీ పడ్డాను సార్. ఆయన బిడ్డ ఎక్కడ అని నన్నే అడిగాడు. నాకు అర్థం కాక లేరు అని కొట్టాను. దేశం గడి కూడా అంతే."

టైపు మిషన్లు ఆగాయి. నాయన ఫారం పట్టుకుని అలాగే నిలబడ్డాడు, మీసం కదలలేదు. జడ్జిగారు, "నీ మీద చర్య తీసుకోవచ్చు, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "తీసుకుంటే ఇక ఈ గదిలో ఎవరూ లేచి నిలబడి తప్పు ఒప్పుకోరు" అని, పాత ఫారం అడ్డంగా కొట్టేసి, కొత్త వాంగ్మూలం తీసుకోమన్నారు.

పాపమ్మ బైబిలు మీద ప్రమాణం చేసింది. చేసిన వెంటనే ప్రభుత్వ వకీలు ఊపిరి తిప్పకుండా ఒక పేజీ ప్రశ్న అడిగాడు. "అయ్యా, ఒక్కో ముక్క అడగండి. మూటగట్టి ఇస్తే దారిలో ఏది జారిపోయిందో నాకు తెలీదు" అంది. ఆ తర్వాత ఆయన బడిపిల్లాడిలాగా ఒక్కో ముక్కే అడిగాడు. ఆమె తిరిగి చెప్పడం, అబ్దుల్ శుకూర్ అవుననడం, నేను టైపు కొట్టడం. నాలుగు చోట్ల "ఈ మాట దుబాసీకి తెలియలేదు" అని కొట్టాను. చివర నీ ఆసుపత్రి కాగితం చదివి, బిడ్డను తెప్పించి, మడమ చూశారు. అబ్దుల్ శుకూర్ బిడ్డను ఎత్తుకుని ఏదో అన్నాడు. పాపమ్మ దాన్ని తెలుగులో చెప్పలేదు. "ఇది కోర్టుకు కాదు, బిడ్డకు చెప్పింది" అంది.

నాయనా నేనూ ఇంటికి నడిచొచ్చాం. రాళ్ళ వీధి మలుపులో, "నీ నోట రాదు అనే మాట ఈ పొద్దే విన్నా మే" అన్నాడు. "ఎట్లుండాది నాయనా?" అని అడిగాను. "గట్టిగానే వినబడింది" అన్నాడు.

అరుణ.


ధర్మవరం,
27-6-94.

అరుణమ్మే,

వెంకటక్క వార్డులోకి వచ్చి ముందు అందరి ముఖాలూ చూసింది. సాలేమా మంచం కాడికి తనంతట తానే పోయింది. ఎవరూ చూపించలేదు. "ఇదో తీసుకో తల్లీ, నీ రైలమ్మ" అని ఒళ్ళో పెట్టి, నిలబడి ఏడ్చింది. ఆయమ్మ వెంకటక్క చేతి మీది తేలు పచ్చబొట్టుకు ముద్దు పెట్టింది.

బిడ్డ మొదట మూతి తిప్పుకుంది. పదిహేడు రోజులు చౌడక్క పాలకు అలవాటు పడింది గదా. సాలేమా ముఖం చూడలేకపోయినా. అరగంట తిప్పలు పడినాం. నాలుగోసారి పట్టింది. గుటక శబ్దం విన్నాక నేను బయటికిపోయి మొక్కకాడ కూర్చున్నా. ఆ మొక్క పదిరోజుల్లో ఏపుగా పెరిగిందిలే.

నిన్ను కూర్చోబెట్టిన కుర్చీ కంటే నువ్వు లేచి నిలబడింది వార్డులో ఎక్కువమందికి చెప్పినా.

నీలావతి.


పెనుకొండ,
20-11-94.

అత్తా,

ఢిల్లీనుంచి జాబు వచ్చింది. కోర్టు అబ్దుల్ శుకూర్‌ను విడిచిపెట్టాక అక్కడికి పోయారు కదా, కాందిశీకుల ఆఫీసులో ముగ్గురికీ శరణార్థి కార్డులు ఇచ్చారట. జాబు రాసింది అక్కడి దుబాసీ, ఇంగ్లీషులో. చివర సాలేమా వేలిముద్ర, దాని పక్కన చిన్న మడమ ముద్ర. వెంకటక్కకు చూపించడానికి వచ్చే ఆదివారం లేపాక్షి బస్సెక్కుతున్నాను. ఉలిగప్పకు నేను ఇంకా ఒక సంగతి బాకీ: ఆ రోజు కోర్టు వరండాలో తన "గొర్రె తప్పితే" మాటను పాపమ్మ అబ్దుల్ శుకూర్‌కు ఆయన భాషలో ఎలా చెప్పిందో నేర్చుకుని రమ్మన్నాడు.

దుబాసీ పని నాకు రాలేదు, రావాలని నేనూ అడగలేదు. పాపమ్మా నేనూ శనివారాలు హాస్టల్ వంటింట్లో కూర్చుని ఆమెకు గుర్తున్న మాటలన్నీ రాసుకుంటున్నాం. మూడు నోటుబుక్కులు అయ్యాయి. గీతలు చాలానే ఉన్నాయి. జూన్‌లో అయితే ఆ గీతలు చూసి సిగ్గుపడేదాన్ని.

మొన్న కోర్టునుంచి మళ్ళీ జవాను వచ్చాడు. చెన్నేకొత్తపల్లి క్వారీలో పని చేసే ఒరియా కూలీలు, ఏదో కొట్లాట. పోయాను. పది నిమిషాలు విన్నాను. సగం హిందీలాగే ఉంది అత్తా, నోరు దురద పెట్టింది. "రాదు సార్. వచ్చే మనిషిని సోమవారానికి వెతికి తెస్తాను" అని వచ్చేశాను. గుంతకల్లు రైల్వే కాలనీలో ఒక ఒరియా పంతులమ్మ ఉందని గంగాధరన్న చెప్పాడు. తెచ్చాను.

"రాదు అని చెప్పనీకి నిన్ను రిక్షాలో పిలిపిచ్చినారా మే?" అని నాయన అన్నం తింటూ నవ్వాడు. కానీ ఆయనేం చేశాడో తెలుసా? జడ్జిగారి దగ్గర సంతకం పెట్టించుకుని ఆ పన్నెండు గడుల ఫారానికి కింద ఇంకొకటి కలిపాడు. పదమూడో గడి: "దుబాసీకి తెలియని మాటలు." స్టెన్సిలు తానే కోసి, వంద కాగితాలు తీసి, మొదటిది తెచ్చి నా చేతికిచ్చాడు.

"తెలియనివి ఏమీ లేకపోతే ఈ గడిలో లేవు అని రాయొచ్చా నాయనా?" అని అడిగాను.

"రాయొచ్చు" అన్నాడు. "రాసే ముందు ఇంగొకసారి అడుగు."

అరుణ.